ఆక్యులస్ సినిస్టర్

వెనకే వెళ్లబోయిన రత్నరాజుకు నర్సు చేయి అడ్డం పెట్టింది. అతని భార్య ప్రేమజ్యోతిని పడుకోబెట్టిన స్ట్రెచర్ ఆపరేషన్ గదిలోకి వెళ్లింది. అప్పటికే మత్తు ఎక్కిన ఆమె తిరిగి చూడలేదు. తలుపులు మూసుకుంటుండగా డాక్టరు నర్సుతో అన్న రెండు మాటలు మాత్రం అతని చెవిన పడ్డాయి.

"ఆక్యులస్ సినిస్టర్."

అమెరికాలోని షాంటిలీకి రాకముందే రత్నరాజుకు ఇంగ్లీషు బాగా వచ్చు. సినిస్టర్ అంటే కీడు తలపెట్టేది, దుష్టమైనది. కంట్లో శుక్లం తీసేస్తే సరిపోతుందనే కదా చెప్పారు? దాని వెనక ఇంకేదైనా కనబడిందా? కాన్సరా? అడుగుదామంటే కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. కుర్చీలో కూలబడి మూసిన తలుపుల వైపే చూస్తుండిపోయాడు.

అంతలో సుందర్ రాజ్ పాస్టరు గారు వచ్చారు. ఆదివారాలు తెలుగు ఆరాధన నడిపిస్తూ, మిగతా రోజులు హైస్కూల్లో లాటిన్ చెప్పే మనిషి. ప్రార్థన చేద్దామని పక్కన కూర్చున్న ఆయన రత్నరాజు మొహం చూసి ఆగిపోయారు.

"ఏమైంది బ్రదర్?"

రత్నరాజు తాను విన్నది చెప్పాడు. పాస్టరు గారు తేలిగ్గా నవ్వారు.

"అది ఇంగ్లీషు కాదు, లాటిన్. మేం క్లాసులో 'నిస్' దగ్గర ఒత్తి పలుకుతాం. ఆక్యులస్ అంటే కన్ను. లాటిన్‌లో కన్ను పుంలింగం, అందుకే సినిస్టర్. స్త్రీలింగమైతే సినిస్ట్రా, నపుంసక లింగమైతే సినిస్ట్రుమ్. విభక్తి చేరగానే స్పెల్లింగులో చివరి 'e' ఎగిరిపోతుంది. సినిస్ట్రీ, సినిస్ట్రో..."

"అయితే చెడ్డ అర్థం లేదాండీ?"

లేదని ఆయన రత్నరాజు భుజం తట్టారు. శకునాలు చూసే రోమన్లు మొదట్లో ఆ మాటను శుభంగానే ఎంచేవారట. గ్రీకుల నమ్మకాలు వచ్చి కలిశాక అది అపశకునమైందట. ఇంగ్లీషు వాళ్లకు ఆ చెడ్డపేరే మిగిలింది గానీ, కళ్ల డాక్టర్లు మాత్రం అసలు అర్థంలోనే రోజూ వాడతారట.

రత్నరాజు కుదుటపడ్డాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుని వెనక్కి వాలాడు. ఆపరేషన్ గది తలుపు మీద ఎర్రలైటు వెలిగింది. లోపల పని మొదలైంది.

"ఇంతకీ అసలు అర్థం ఏంటండీ?"

"ఎడమ. ఎడమ కన్ను అని, అంతే. ఇక ప్రార్థన చేసుకుందామా?"

రత్నరాజు లేచి నిలబడ్డాడు. తలుపు మీది ఎర్రలైటు వైపు చూశాడు.

"పాస్టరు గారూ, జ్యోతికి శుక్లం కుడికంట్లో."