అంజీరు బిళ్లలకు అనుమతి

సెప్టెంబరు పదిహేడు సాయంత్రం జరిగిన అంజీరు బిళ్లల తనిఖీ ఆర్గిరిస్‌కు ఇప్పటికీ గుర్తే. అనుమతి రాకపోతే గ్రీసులోని ఎవియా దీవిలో వాటిని చేసే ఆడవాళ్ల సంఘం ఒక్క బిళ్ల కూడా అమ్మడానికి వీల్లేదు. వాళ్లకు శుభ్రత నేర్పింది అతనే.

ఆహార శాఖ తరఫున సంఘం వంటగది తనిఖీకి వచ్చిన పోలిక్సెని ఒక బిళ్ల కొరికింది. "అబ్బ, ఎంత బాగున్నాయో!"

పొగిడితే దిష్టి తగులుతుందని సంఘంలోని గరిఫలియా అవ్వ గబుక్కున పళ్లెం మీద "తూ, తూ, తూ" అని ఉమ్మేసింది.

ఆర్గిరిస్ తల పట్టుకున్నాడు. "కొంప ముంచావే అవ్వా!"

"ముంచలేదురా, కాపాడాను!"

"ఆ పళ్లెంలోవి పారేసి ఇంకోటి తెండి," అంది పోలిక్సెని.

కొత్త బిళ్ల తిని, మారు మాట్లాడకుండా అనుమతి కాగితం మీద సంతకం చేసింది.

అవ్వ ముఖం చిన్నబోయింది. "ఇవి బాగాలేవా తల్లీ?"

"ఇక్కడ చెప్తే ఉమ్మకుండా ఊరుకుంటావా? ముందు బయటికి పద."

అవ్వను వాకిట్లోకి నడిపించి, పోలిక్సెని బిళ్లలున్న వంటగది తలుపు మూసింది.