ఆకులు తుంచిన మనిషి

కొండ మీద ఎవరో దగ్గారు.

పొయ్యి మీద చిక్కుడు గింజలు కలుపుతున్న ఓర్లీన్ చేయి ఆగిపోయింది.

ఇంటి వెనక వాలులో, మేపుల్ చెట్ల నీడన నూట నలభై జిన్‌సెంగ్ మొక్కలున్నాయి. మందుకి వాడే వాటి వేళ్లు బంగారంలా ధర పలుకుతాయి. కూతురు టెస్సీ పుట్టిన ఏడు భర్త ఎల్‌వుడ్ చల్లిన విత్తనాలు. ఎల్‌వుడ్ పోయి రెండేళ్లయింది. పిల్లకి పద్దెనిమిది నిండాక ఆ వేళ్లు తవ్వి అమ్మి నర్సు చదువు చెప్పించమన్నదే అతని ఆఖరి మాట.

ఇంకా ఆరేళ్లుంది. ఆరేళ్లలో ఏమైనా జరగొచ్చు. ఎలుక కొరకొచ్చు. జింక మేయొచ్చు. తెగులు పట్టొచ్చు. అన్నిటికన్నా ఘోరం, మనిషి కంట పడొచ్చు.

"ఎలుగుబంటేమోలేమ్మా," అంది టెస్సీ.

"ఎలుగుబంటికి దగ్గొస్తుందటే? నువ్వు లోపలే ఉండు. గడియ పెట్టుకో. కిటికీ దగ్గర నిలబడకు."

"మొన్న ఇలాగే పోస్టుమాన్ మీదికి తుపాకీ పట్టుకెళ్లావు."

"మొన్నటి సంగతి వేరు."

ఓర్లీన్ తుపాకీ తీసుకుని కొండెక్కింది. అందులో తూటాల్లేవు. ఇంట్లో పిల్ల తిరుగుతుందని తనే తీసి దాచింది. ఎక్కడ దాచిందో మర్చిపోయింది.

పైన ఒక ముసలాయన మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో గునపం లేదు, పార లేదు. మొక్క కాడని మట్టికి ఆనించి పట్టుకోవడం, టక్కున తుంచడం, ఆకుల్ని సంచిలో కుక్కడం. వాలు పైసగం అప్పటికే బోసిపోయింది.

"చేతులెత్తు!"

ఎత్తాడు. ఒక చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

"వేరు ముట్టుకోలేదమ్మా. ఆకు ఒక్కటే తుంచా. మే నెలకి మళ్లీ చిగురేస్తుంది."

"ఎందుకు తుంచుతున్నావు?"

ఆయన కింది సగం వైపు చూశాడు.

"అది మాత్రం అడక్కు తల్లీ. ఈ కింది సగం కూడా తుంచనీ. గంటలో అయిపోతుంది."

"అవునులే! ఇవాళ ఆకులు, రేపు వేళ్లు. నీకు పిల్లల్లేరా? తండ్రి లేని పిల్ల నోటికాడిది లాక్కుంటావా?"

"ఉన్నాడమ్మా. ఒక్కడే."

"నీలాంటి తండ్రి కడుపున పుట్టినందుకు వాడు సిగ్గుతో చావాలి!"

ముసలాయన ముఖం తిప్పుకున్నాడు. దగ్గు తెర వచ్చింది. ఒక చెట్టు పట్టుకుని అది తగ్గేదాకా నిలబడి, కర్ర ఊతంగా కొండ దిగాడు. రెండుసార్లు వెనక్కి తిరిగి కింది సగం వైపు చూశాడు.

"మళ్లీ ఇటు వస్తే కాల్చేస్తా!" అని అరిచింది ఓర్లీన్.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి కింది సగమంతా గోతులు.

డెబ్భై మొక్కలకి డెబ్భై గోతులు. ప్రభుత్వం ఈ వేళ్లు తవ్వుకోనిచ్చే రోజులు రావడానికి ఇంకా రెండు వారాలుంది. దొంగకి రోజులతో పనేముంది?

"చెప్పానా! ఆ ముసలాడే!" ఓర్లీన్ నేల మీద కూలబడింది.

టెస్సీ మాత్రం పైసగం దగ్గర నిలబడి ఉంది.

"అమ్మా, ఇక్కడ ఒక్క గొయ్యి లేదు."

ఓర్లీన్ పాక్కుంటూ వెళ్లింది. వేళ్లతో మట్టి గీరింది. వేరు చల్లగా, గట్టిగా తగిలింది. దాని పక్కనే బొటనవేలితో నొక్కిన గుంట. అందులో ఎర్రటి జిన్‌సెంగ్ పండు. ప్రతి మొక్క పక్కనా అంతే. తుంచిన ప్రతి మొక్క పండునీ ఆయన అక్కడే నాటి వెళ్లాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఎల్‌వుడ్ మాట. దొంగలు తిరిగే ఏడు ముందే ఆకు తుంచేయాలి, ఆకు లేని జిన్‌సెంగ్ నాటినవాడి కంటికే ఆనదు అనేవాడు.

"అయ్యో," అంది ఓర్లీన్.

సోమవారం మధ్యాహ్నం షరీఫు పోలీసాఫీసు నుంచి రస్టీ వచ్చాడు. చర్చిలో పక్క బెంచీ కుర్రాడే. చేతిలో తడి గోనెసంచి.

"ఓర్లీనక్కా, ఇవి నీవే కదా? దొంగ వంతెన దగ్గర దొరికాడు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి, ఇప్పుడే పాతేస్తే బతుకుతాయి."

ఓర్లీన్ సంచిని చంటిపిల్లలా గుండెకి హత్తుకుంది.

"రస్టీ, ఒక ముసలాయన ఉన్నాడు. బాగా దగ్గుతాడు, కర్రతో నడుస్తాడు. ఆయన్ని వెతికిపెట్టవా? తుపాకీ చూపించి అనరాని మాటలన్నా. రాత్రంతా నిద్ర పట్టలేదు. కాళ్లు పట్టుకోవాలి."

రస్టీ టోపీ తీశాడు.

"బల్లార్డ్. ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో చేశాడు, ఊపిరితిత్తుల నిండా ఆ బొగ్గు దుమ్మే. వారం రోజులుగా ఈ కొండలన్నీ ఎక్కి దిగాడట. ఎక్కడ మొక్కలుంటే అక్కడ తుంచేశాడు. శనివారం ఆసుపత్రిలో పడేశారు. ఇవాళ పొద్దున పోయాడక్కా."

ఓర్లీన్ చేతుల్లో సంచి జారింది.

"దొంగ కూడా అదే చెప్పాడు," అన్నాడు రస్టీ. "తనకి తెలిసిన చోట్లన్నీ తిరిగాడట. ఎక్కడా ఒక్క మొక్క కనబడలేదట. నీ వాలులోనే, ఆ కింది సగంలోనే దొరికాయట."

ఓర్లీన్ మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ముసలాయన పోయిన కబురు వాడికింకా చెప్పలేదక్కా. ఎలా చెప్పాలో తెలియట్లేదు."

"ఎవరికి?"

"ఈ వేళ్లు తవ్వినవాడికి. బల్లార్డ్‌కి వాడొక్కడే కొడుకు."