రెండులోంచి మూడులోకి

కారు మళ్ళీ కుదిపింది.

తేయాకు ఫ్యాక్టరీ మలుపుకి ఇవతల, పుస్సెల్లావ కొండ ఎక్కుడులో, సరిగ్గా రెండో గేరులోంచి మూడులోకి మారే చోట. వెనకనుంచి ఎవరో తోసినట్టు తిలకరత్న తల ముందుకు ఊగింది. పక్క సీట్లో భార్య యసవతి ఒళ్ళోని సంచి జారి, వంకాయలు కిందికి దొర్లాయి.

"చూశావా," అన్నాడు తిలకరత్న.

చూడ్డానికేముంది, వారంనుంచీ ఇదే వరస. యసవతి వంగి వంకాయలు ఏరుకుంది.

జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన కారు. గేర్లు వాటంతటవే మారతాయి. కురునాగల ఊళ్ళో కార్ల దుకాణంలో కొని తెచ్చిన రోజు యసవతి కొబ్బరిపాల అన్నం వండింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బౌద్ధ విహారంలో భిక్షువు స్టీరింగుకి రక్షాదారం కట్టాడు. మర్నాటినుంచే మొదలైంది కుదుపు. నచ్చకపోతే శనివారం లోపల తెచ్చివ్వమని దుకాణదారు అన్నాడు.

ఇవాళ శుక్రవారం.

"రేపు ఇచ్చేద్దాం. కారు లేకపోతే ప్రాణం పోదు," అంది యసవతి.

"పోదు. కుర్చీలో కూర్చుంటుంది."

ఆ కుర్చీ సంగతి ఆమెకి తెలుసు. క్లచ్ బండి ఇక ముట్టుకోవద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. క్లచ్ లేని బండ్లలో తమకి అందేది ఇదొక్కటే. ఇది పోతే మళ్ళీ వరండా, మళ్ళీ పేము కుర్చీ. నువర ఎలియ రోడ్డుమీద బస్సులు నడిపి నడిపి ఇంటికి చేరిన మనిషి, అందులో కూర్చుని కొండెక్కే బస్సుల చప్పుడు వినేవాడు. "ఇంకా మూడులోనే ఏడుస్తున్నాడు. రెండులోకి రారా, వెధవా," అని కంటికి కనపడని డ్రైవరుని తిట్టేవాడు. కంచంలో అన్నం చల్లారిపోయేది. కారు వచ్చాకే ఆ తిట్లు ఆగాయి.

మెకానిక్ నిస్సంక షెడ్డు ముందు తిలకరత్న కారు ఆపి హారన్ కొట్టాడు. దిగలేదు. నిస్సంకే పాలు లేని టీ, బెల్లం ముక్క తెచ్చి కిటికీలోంచి అందించాడు. చేతులు తుడుచుకుంటూ కారు ముందు నిలబడ్డాడు. అతనికీ మనసు స్థిమితంగా లేదు. చెయ్యగలిగిందంతా చేశాడు మరి. గేరు నూనె పాతది తీసి, వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూశాడు. మాడు వాసన లేదు. అయినా మార్చాడు. ఇంజను కింది రబ్బరు దిమ్మలు కదిపి చూశాడు. కంప్యూటరు తగిలించాడు. అది ఏ తప్పూ చూపించలేదు. నిన్న యసవతిని వెనక కూర్చోబెట్టుకుని ఫ్యాక్టరీ మలుపుదాకా తనే నడిపాడు. గేర్లు ఎప్పుడు మారాయో తెలియనేలేదు.

"నీ దగ్గర పెళ్ళిచూపుల పిల్లలా ఒద్దికగా ఉంటుంది తమ్ముడూ," అన్నాడు తిలకరత్న టీ చప్పరిస్తూ. "నా చేతికొచ్చాక అసలు బుద్ధి బయటపెడుతుంది."

"బస్సుని తిట్టినట్టు తిట్టి ఉంటారన్నా. అలిగింది."

ఎవరూ నవ్వలేదు. నిస్సంక కాసేపు ఆలోచించి, ఈసారి మీరే నడపండి, నేను పక్కన కూర్చుంటానన్నాడు. యసవతి వెనక సీట్లోకి మారింది.

తిలకరత్న ఎప్పటిలాగే చెప్పు విడిచి సీటు కిందికి తోశాడు. ఉత్తి అరికాలికి తగిలితేనే బండి మాట తెలుస్తుందని అతని నమ్మకం. బయల్దేరబోతూ ఆగి, ఎడమ అరికాలు పొద్దుటినుంచీ భగభగ మండిపోతోందని గొణిగాడు. యసవతి విననట్టు తేయాకు తోటకేసి చూస్తూ కూర్చుంది. నిస్సంక గొంతు సవరించుకున్నాడు.

కారు ఎక్కుడులో పడింది. కుదిపింది.

నిస్సంక మొదట చెవి పెట్టి విన్నాడు. రెండోసారి కుదిపినప్పుడు వేగం ముల్లు కేసి చూశాడు. ఆ తరవాత తల వంచి, మలుపు వచ్చేదాకా ఎత్తలేదు. ఫ్యాక్టరీ గేటు పక్కన ఆపమన్నాడు.

ఇక అయిపోయింది అనుకున్నాడు తిలకరత్న. గేరుబాక్సు పోయిందంటాడు. శనివారం అంటాడు. స్టీరింగుమీద దారాన్ని వేలితో మెలిపెడుతూ కూర్చున్నాడు.

"బండిలో లోపం లేదన్నా," అన్నాడు నిస్సంక నెమ్మదిగా. "గేరు మారబోయే ముందు మీరు యాక్సిలరేటర్ మొత్తం వదిలేసి, మళ్ళీ నొక్కుతున్నారు. మారాలో వద్దో దానికి తెలియక కుదుపుతోంది. ఎందుకు వదులుతున్నారు?"

తిలకరత్నకి ఒళ్ళు మండింది. స్టీరింగు పట్టుకోవడం వీడికి నేర్పింది తను. వీడా తనకి చెప్పేది.

"క్లచ్ తొక్కేటప్పుడు యాక్సిలరేటర్ వదలకపోతే ఎలారా?"

ఆ మాట తన చెవినే పడ్డాక అతను ఆగిపోయాడు. వెనక యసవతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిలకరత్న మెల్లగా తల వంచి, బ్రేకుకి ఎడమపక్కకి చూశాడు: అక్కడ క్లచ్ లేదు, దాన్ని తొక్కడానికి, కిందటేడు ఆస్పత్రిలో మోకాలి పైదాకా తీసేసిన ఎడమకాలూ లేదు.