సర్వే పిన్ని

“పదిహేడో ప్రశ్న. నీ గదిలో చదువుకోవడానికి వెలుతురు సరిపోతోందా? ఒకటి నుంచి ఐదు దాకా ఎంత వెయ్యమంటావు?” ఫోన్లో ఆవిడ గొంతు.

“మూడు… ఉండండి, మూడా నాలుగా? ఆలోచించుకుని రేపు చెప్తానండీ.”

“బల్బు గురించి కూడా ఆలోచించుకోవాలా తల్లీ?”

“రాత్రి లైటు వేస్తాను కదా, అప్పుడు సరిగ్గా తెలుస్తుంది.”

ఆవిడ నవ్వింది. “సరే, రేపు సాయంత్రం చేస్తాను. ఈలోగా బల్బుని బాగా చూసిపెట్టుకో.”

ఫోన్ పెట్టేశాక గది మళ్లీ బోసిపోయింది.

ఇంట్లో ఆ అమ్మాయిని అందరూ వసపిట్ట అనేవారు. దాని నోరు మూతపడేది నిద్రలోనే అని అన్నయ్య వెక్కిరించేవాడు. పరిశోధన కోసం ఈ యూనివర్సిటీలో చేరి, హాస్టల్లో వరండా చివరి గదికి వచ్చాక ఆ నోటికి తాళం పడింది. ల్యాబులో ఎవరి కంప్యూటర్ వాళ్లది, ఎవరి చెవుల్లో పాటలు వాళ్లవి. భోజనాల హాల్లో బల్లలన్నీ అప్పటికే జట్లు కట్టేసుకున్నాయి. వాటి మధ్య పళ్లెం పట్టుకుని నిలబడటం కంటే, గదికి తెచ్చుకుని గోడను చూస్తూ తినడం నయమనిపించింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు “బాగున్నాను” అనేది. పచ్చి అబద్ధం. వసపిట్టకు మాట్లాడే దిక్కు లేదంటే అన్నయ్య నమ్మడు సరికదా, పడీపడీ నవ్వుతాడు.

అలాంటి రోజుల్లో సర్వే వచ్చింది. పాఠాలు ఎలా ఉన్నాయి, గదులు ఎలా ఉన్నాయి, మీరు ఎలా ఉన్నారు అంటూ యూనివర్సిటీ ఏటా విద్యార్థులందరినీ అడిగేదే. మెయిల్లో పంపిన లింకును ఆమె కూడా అందరిలాగే పక్కన పడేసింది. అలా పక్కన పడేసినవాళ్లకు సర్వే విభాగం నుంచి ఫోన్ వస్తుంది.

“ఇప్పుడు తీరిగ్గా ఉన్నారా అమ్మా?” అని అడిగింది ఆవిడ మొదటిసారి. తన తీరిక ఒకరు కనుక్కుని ఎన్నాళ్లయిందో! వసపిట్ట గాభరాపడింది. గబుక్కున “రేపు చేస్తారా?” అంది. ఆవిడ నిజంగానే మర్నాడు చేసింది. అప్పుడు తట్టింది ఉపాయం. అన్నీ ఒకేసారి చెప్పేస్తే కాసేపటి పని. రోజుకొక జవాబు చొప్పున నంజుకుంటే?

నియమాలన్నీ ముందే చదివి వినిపించింది ఆవిడ. “మీ జవాబుల్లో మీ పేరు ఉండదు. అందరివీ కలిపి అంకెలు చేసేస్తాం. మీ జవాబులన్నీ వచ్చినా, సర్వే గడువు ముగిసినా మీ ఫోన్ నెంబరు చెరిపేస్తాం. ఆ తర్వాత ఇక్కడి నుంచి మీకు ఫోన్లు రావు.”

ఎవరికైనా అది ధైర్యం చెప్పే మాటే. వసపిట్టకు మాత్రం గుండెల్లో రాయి పడింది. తిరిగి చేద్దామంటే ఆ నెంబరు పలకదు. అది ఆఫీసు నుంచి బయటికి చేయడానికే ఉన్న లైను.

“గడువు ఎప్పటిదాకా అండీ?” అని భయపడుతూనే అడిగింది ఒకరోజు.

“పొడిగిస్తూనే ఉన్నార్లే. నువ్వు నింపాదిగా చెప్పు.”

అప్పటికే ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. వసపిట్ట కూడా మనసులో ఆవిడకు సర్వే పిన్ని అని పేరు పెట్టేసుకుంది. పిన్ని తన సంగతులూ చెప్పేది. తోటివాళ్లను వేరే విభాగాలకు మార్చేశారట. గదిలో తనూ, ఒక ప్రింటరూ మిగిలారట. “నా గొంతు వినగానే అందరూ ఠక్కున పెట్టేస్తారు తల్లీ. ఆ ప్రింటరే నయం, కాగితం ఇరుక్కున్నప్పుడైనా నోరు విప్పుతుంది.”

పోనుపోను ప్రశ్నలు వింతగా తయారయ్యాయి. కిటికీలోంచి ఏం కనిపిస్తోంది? దగ్గు తగ్గిందా? ఆరోగ్యానికి సంబంధించిన భాగం కాబోలు అనుకుంది వసపిట్ట. పెద్ద చదువులు చదివినవాళ్లు తయారుచేసిన సర్వే, వాళ్లకు ఏది ఎందుకు కావాలో ఎవరికి తెలుసు! వరండాలో సర్వే పోస్టర్ల మీద ఆటల పోటీల పోస్టర్లు వెలిశాయి. ఆమె వాటిని చూసి కూడా చూడనట్టే వెళ్లిపోయింది.

“ఇవాళ ఎవరి పక్కనైనా కూర్చుని తిన్నావా?” అని ఒకనాటి ప్రశ్న.

“కూర్చున్నానండీ. ఆ అమ్మాయి వెంటనే లేచి వెళ్లిపోయింది.”

“అయినా కూర్చున్నావుగా. ఐదు వేస్తున్నా.”

ఆ ఐదు తలుచుకుని వసపిట్ట ఆ రాత్రంతా మురిసిపోయింది.

ఒక సాయంత్రం పిన్ని గొంతు నీరసంగా వినిపించింది. “ఈ గది ఖాళీ చేయమన్నారు తల్లీ. రేపు లైను కూడా తీసేస్తారు. అందుకని ఇదే ఆఖరి ప్రశ్న.”

వసపిట్ట మంచం మీద కూలబడింది.

“మనసులో మాట చెప్పుకోవడానికి నీకిక్కడ ఎవరైనా ఉన్నారా, లేరా?”

రేపు చెప్తానని నోటిదాకా వచ్చింది. రేపు లేదు.

“ఉన్నారని వెయ్యండి,” అంది. “మీరున్నారు.”

ఇక ఆగలేకపోయింది. “నాకు తీరిక లేక కాదు పిన్నీ. మొదటిరోజే అన్నీ చెప్పేసి ఉండొచ్చు. బల్బు గురించి ఆలోచించేదేముంది? మీరు మళ్లీ ఫోన్ చేస్తారని సాగదీశాను. మీ పని పాడుచేశాను, తిట్టండి. నా నెంబరు మాత్రం చెరిపేయకండి. నియమమని తెలుసు. అయినా నా ఒక్కదానిదీ ఉంచండి, మీ కాళ్లు పట్టుకుంటాను.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

“పిచ్చిపిల్లా!” అంది పిన్ని.

“సర్వే ముగిసి, ఆఫీసులో నీ నెంబరు చెరిపేసి నెల దాటింది.”