గాలాడాలి

పరీక్షకింకా గంట టైముంది. ల్యాప్‌టాప్ అప్పుడే రొద మొదలుపెట్టింది.

"నాన్నా, మళ్లీ కాలుతోంది!" టిల్లీ గొంతులో ఏడుపు.

ఆస్ట్రేలియాలో నడివేసవి, జనవరి ఎండ. ఇంటి పైకప్పు రేకులు టపటపమంటున్నాయి. గొర్రెల ఫారం దాటితే అంతా ఎర్రమట్టి, కనుచూపు మేరలో ఇంకో ఇల్లు లేదు. పదకొండేళ్ల టిల్లీకి బడంటే ఆ ల్యాప్‌టాపే. దగ్గరుండి చదివించడానికి జోస్లిన్ అనే అమ్మాయిని జీతమిచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. తల్లి పోయాక ఆ ఇంట్లో ఉండేది టిల్లీ, వాళ్ల నాన్న క్లెమ్, ఈ జోస్లిన్. అంతే.

ఈ పరీక్ష నెగ్గితే టిల్లీకి అడిలైడ్‌లో హాస్టలున్న పెద్ద స్కూల్లో ఉచితంగా సీటొస్తుంది. కెమెరా ముందు కూర్చుని రాయాలి. మధ్యలో మిషను ఆగితే పరీక్ష పోయినట్టే. కిందటి వారం సగంలో ఉండగా తెర నల్లబడింది. బతిమాలగా బతిమాలగా ఇంకొక్క అవకాశమిచ్చారు. ఇదే ఆఖరని కూడా చెప్పేశారు.

పాపం, క్లెమ్ ఈ వారమంతా గొర్రెల్ని గాలికొదిలేసి ఆ పెట్టె చుట్టూనే తిరిగాడు. టౌన్లో రిపేరు చేసేవాడికి ఫోన్ చేశాడు.

"దానికి గాలాడాలి గురూ. పరుపు మీద పెట్టొద్దు. దుమ్ము ఊదించు. ఐసు మాత్రం పెట్టకు, లోపల చెమ్మ దిగిందంటే అసలుకే మోసం" అన్నాడతను.

ఇవాళ తెల్లారగానే క్లెమ్ దాన్ని షెడ్డుకి తీసుకెళ్లి, వెనక పలక విప్పి, శుభ్రం చేసి తెచ్చాడు. రెండు బీన్స్ డబ్బాల మీద ఎత్తుగా నిలబెట్టాడు. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్‌నీ దానివైపే తిప్పి, తను చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. కన్నకూతురి కోసం ఇంతకన్నా ఏం చేస్తాడెవరైనా?

"ఇంక దాన్నెవరూ ముట్టుకోకండి" అన్నాడు.

జోస్లిన్ ఊరుకుంటేనా! ల్యాప్‌టాప్ పక్కన వేడిగాలి బయటికొచ్చే కన్నాల దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది.

"గాలి రావట్లేదు. ఇంకోసారి విప్పి చూద్దామా?"

"పరీక్ష ముందా? నీకేమైనా మతిపోయిందా?" కసిరాడు క్లెమ్.

ఆమె చెయ్యి తీసేసింది.

పరీక్ష మొదలైంది. టిల్లీ బాగానే రాస్తోంది. లెక్కలు అయిపోయాయి. వ్యాసం సగానికొచ్చింది. ల్యాప్‌టాప్ వీపు మీద గుడ్డు కొడితే అట్టయ్యేలా ఉంది. టిల్లీ వేళ్లు ఇంకా వేగంగా కదిలాయి.

తెర నల్లబడింది.

టిల్లీ కుర్చీ తన్ని లేచి జోస్లిన్ మీదికెళ్లింది.

"నువ్వే! నిన్న దీన్ని మంచం మీద పెట్టుకుని సినిమా చూశావుగా! నేనెళ్లిపోతే నీ ఉద్యోగం ఊడుతుందని కావాలనే చెడగొట్టావ్!"

జోస్లిన్ క్లెమ్ వైపు చూసింది. క్లెమ్ వంగి టేబుల్ ఫ్యాన్ ప్లగ్గు తీస్తున్నాడు.

"అవును టిల్లీ" అంది చివరికి. "తప్పు నాదే. మీ నాన్ననేమీ అడగకు."

"ఫో! మా ఇంట్లోంచి ఫో!"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేననిపిస్తుంది చూసేవాళ్లకి. జోస్లిన్ బట్టలు సంచిలో కుక్కుకుని, తన పాత కారెక్కి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు టిల్లీ తల నిమరబోతే ఆ పిల్ల విదిలించి కొట్టింది. క్లెమ్ ఉండమనలేదు.

టిల్లీ తండ్రి భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊరుకో చిట్టీ. నీకు నేను లేనూ? ఇక్కడే చదువుకుందువుగాని" అంటూ వీపు నిమిరాడు.

ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల సోఫాలోనే నిద్రపోయింది. క్లెమ్ ల్యాప్‌టాప్‌ని చంకన పెట్టుకుని షెడ్డుకి నడిచాడు.

తలుపు గడియ పెట్టి, పలక విప్పి, పొద్దున లోపలి చిన్న ఫ్యాన్‌కి అడ్డంగా తన వేళ్లతోనే కుక్కిన గొర్రె ఉన్ని ముద్దని బయటికి లాగాడు.