సూది జ్వరం

నర్సు పిలవకముందే ఆమె కుర్చీలో కూర్చుని చేయి చాపింది.

"ఇవాళ ఇంత తొందరలో వచ్చింది నువ్వొక్కదానివేనమ్మా," అంది నర్సు దూది తడుపుతూ. "ఎవరైనా తరుముతున్నారా?"

"మా అక్కను చూడాలండి."

నర్సుకు అర్థం కాలేదు. వెనక వరుస కొండవీటి చాంతాడులా ఉంది. కరోనా టీకా సూది వేసి పక్కకు పంపింది.

అక్కకు నిరుడు కిడ్నీ మార్చారు. కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా వాడే మందులు, ఒంట్లో రోగంతో పోరాడే సత్తువను కూడా నిద్రపుచ్చాయి. ఆమెకు సూది వేసినా అంతగా పట్టదనీ, కరోనా అంటుకుంటే ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. ఆ రోజే బావ తలుపులు మూశాడు. అప్పటి నుంచి అక్కాచెల్లెళ్ల కబుర్లన్నీ కిటికీ అద్దానికి చెరో పక్కా నిలబడే. లాండ్రీలో రోజంతా పదిమంది మధ్య ఇస్త్రీ చేసే మరదల్ని గడప తొక్కనిచ్చేది లేదన్నాడు. "నువ్వు సూది వేయించుకున్నాక చూద్దాంలే," అని మాత్రం ఒకసారి నోరు జారాడు.

ఆ మాట పట్టుకుని వేలాడింది చెల్లెలు.

సూది పడ్డవాళ్లను కాసేపు బల్లల మీద కూర్చోబెట్టారు. ఒక పెద్దాయన నర్సును వదలడం లేదు.

"దీంతో మనిషి మనిషే మారిపోతాడట, నిజమేనా?"

"మారితే ముందు మీ ఆవిడ సంతోషిస్తుంది."

బల్లలన్నీ నవ్వాయి.

"పోనీ, సూదిలోంచే కరోనా వస్తుందంటున్నారు?"

"రాదు. ఒళ్లు నొప్పులు, కాస్త జ్వరం రావచ్చు. రెండ్రోజుల్లో పోతాయి. అలాగని ఇవాళ సూది పడింది, రేపు మాస్కు తీసేస్తానంటే కుదరదు. ఒంటికి బలం పట్టడానికి వారాలు పడుతుంది. రెండో సూది కూడా పడాలి."

ఆ చివరి మాటలు చెల్లెలి చెవిన పడ్డాయి గానీ మనసుకు ఎక్కలేదు. మనసు అప్పటికే అక్క గుమ్మంలో ఉంది.

బావ ఉంటే ఇంకా ఆగమంటాడు. మర్నాడు సాయంత్రం అతను మందుల కోసం బయటికెళ్లడం చూసి తలుపు తట్టింది.

"సూది వేయించుకున్నానే. తలుపు తియ్యి."

"మీ బావ చూశాడంటే ఈ కొత్త కిడ్నీ కూడా పీకిస్తాడు," అంటూనే అక్క గడియ తీసింది.

చెల్లెలు మాస్కు తీసి పారేసి వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఏడ్చి, ఎందుకేడ్చామా అని నవ్వారు. ఒకే మంచం మీద, ఒకే దుప్పట్లో కాళ్లు దూర్చుకుని, ఒకే గ్లాసులో నీళ్లు తాగారు.

"నీ ఒళ్లు కాలుతోందేమే?"

"సూది జ్వరం. పని చేస్తోందన్నమాట."

"గొంతు కూడా బొంగురుపోయింది."

"ఇన్నాళ్లూ అద్దం అవతల నుంచి అరిస్తే అరగదూ?"

అక్క నవ్వింది. నవ్వుతూనే చెల్లెలి ఒళ్లో తల పెట్టి, ఎన్నాళ్లకో హాయిగా కళ్లు మూసుకుంది. చెల్లెలు వంగి ఆమె జుట్టు సవరించింది. చెంప మీద ముద్దు పెట్టింది. కదిలితే లేస్తుందేమోనని అలాగే కూర్చుంది.

ఎంతసేపటికో తలుపు తోసుకుని బావ వచ్చాడు. మరదల్ని తిట్టబోయినవాడు, ఆ మాట మింగేసి వంటింట్లోకి పరిగెత్తాడు. స్టవ్ కట్టేశాడు. అడుగంటి నల్లగా మాడిన పాలగిన్నెను గుడ్డతో పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"పాలు పెట్టి మర్చిపోయారా? వీధి దాకా కొడుతోంది మాడు కంపు. మాస్కు వేసుకున్న నాకే ముక్కు పగిలిపోతోంది. పక్క గదిలో కూర్చుని ఏం చేస్తున్నావు నువ్వు?"

చెల్లెలు గాలి పీల్చి చూసింది, మళ్లీ పీల్చింది, అక్క తల ఒళ్లోంచి దించకుండానే గిన్నె మీదికి వంగి గుండెల నిండా పీల్చింది, ఏ వాసనా రాలేదు.