ముక్కుమీది టోపీ

"ముందా టోపీ తియ్యి!" అని కేకేసింది టోపీలావిడ.

ఉన్ని దుకాణం గుమ్మంలో నిలబడ్డ కాలేజీ అమ్మాయి ఉలిక్కిపడింది. ఆ పిల్ల తలమీద ఉన్నది టోపీలావిడ తన చేత్తో అల్లిన ఉన్ని టోపీయే. చలికి చెవులు కప్పుకోవడానికని దానికి చెరో వైపున ఒక రెక్క పెట్టింది. గడ్డం కింద ముడేసుకోవడానికి తాళ్ళు కూడా అల్లింది. ఈ పిల్లేమో దాన్ని పక్కకి తిప్పి పెట్టుకుంది. ఒక రెక్క నుదుటి మీంచి ముక్కు దాకా వేలాడుతోంది. రెండోది మెడ మీద పడి ఉంది. చెవులు మాత్రం బయటే ఉండి, చలికి ఎర్రగా కందిపోయాయి.

"ఇదే ఇప్పుడు ఫ్యాషన్ ఆంటీ! నాకు ఇంకోటి కావాలి. ఈసారి రెక్క కాస్త పొడుగ్గా అల్లండి. ముక్కు పూర్తిగా మునగాలి."

"చెవులకని అల్లితే ముక్కుకి తగిలించుకుంటారా? దారెలా కనపడుతుందే నీకు?"

"తల బాగా పైకెత్తి నడవాలి. అదే స్టైలు," అంటూ నడిచి చూపించబోయి, ఉన్ని ఉండల బుట్ట తన్నుకుని అందులోనే కూలబడింది ఆ పిల్ల.

టోపీలావిడకి ఒళ్ళు మండిపోయింది. వారం రోజులుగా ఇదే వరస. పోస్ట్‌మాన్ పక్కింటి ఉత్తరాలు తెచ్చి ఈ దుకాణంలో పడేసి పోతున్నాడు. మందుల షాపులో చెవిపోటుకి వేసే చుక్కలు నిండుకున్నాయట. పక్కనున్న బేకరీ అతను తన షాపు అద్దం తలుపుకి తనే గుద్దుకుని, ముక్కుకి కట్టు కట్టించుకుని, ఆ కట్టు మీదికి మళ్ళీ ఆ రెక్కనే దించుకుని కూచున్నాడు. అడిగితే, "అందరూ పెట్టుకుంటున్నారు కదమ్మా," అన్నాడు.

ఇదంతా విని, గల్లాపెట్టె దగ్గర్నుంచి దుకాణం యజమాని తల ఎత్తాడు.

"ఆ అమ్మాయి చెప్పింది నిజమేనమ్మా. రేపట్నుంచి రెక్కలు ముందొకటి, వెనకొకటి పెట్టి అల్లండి. జనం అడిగిందే ఇద్దాం."

"నేనల్లను."

"మీరు అల్లకపోతే మిషను అల్లుతుంది. ఆలోచించుకోండి."

టోపీలావిడ సూదులు బల్ల మీద విసిరికొట్టింది. చెవికి చలి తగలకుండా ఒక్కో రెక్కా రెండు పొరలు వేసి అల్లే మనిషి ఆవిడ. ఆ అల్లికకి ఇదా మర్యాద?

"ఈ దరిద్రం మొదలుపెట్టిందెవరో కనుక్కుని, వాడి చెవులు మెలిపెట్టి వస్తాను. అప్పుడు మాట్లాడదాం," అని అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వెవర్ని చూసి నేర్చుకున్నావే?"

"మా కాలేజీలో వయొలిన్ నేర్చుకునేవాళ్ళని చూసి. వాళ్ళు వాళ్ళ మాస్టార్ని చూసి. సంగీతం తెలిసినవాళ్ళు చెవులు మూసుకోకూడదట ఆంటీ!"

"ఏ మాస్టారు?"

"గడియారస్తంభం ఎదురుగా, మందుల షాపు మేడ మీద చెబుతారు చూడండీ, ఆయన."

ఆ మాస్టారు టోపీలావిడ మొగుడే.

శాలువా భుజాన వేసుకుని విసవిసా నడిచింది. పొద్దున్నే ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి, రెండు చెవులూ కప్పి, గడ్డం కింద ముడి వేసింది తనే. "ఎంత వెచ్చగా ఉందో," అని మెచ్చుకుని మరీ వెళ్ళాడు మహానుభావుడు. వీధి మలుపు తిరగ్గానే టోపీ కూడా తిరిగిందన్నమాట! నచ్చకపోతే నచ్చలేదని ఇంట్లో చెప్పొచ్చు. కట్టుకున్నదాని పనిని ఇలా ఊరంతా నవ్వులపాలు చెయ్యడం దేనికి?

గడియారస్తంభం దగ్గర ఆయన కనిపించాడు. మధ్యాహ్నం క్లాసు అయిపోయినట్టుంది. వయొలిన్ పెట్టె చంకన పెట్టుకుని రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు. రెక్క ముక్కు మీదే ఉంది.

ఆవిడ రోడ్డు దాటి వెళ్ళి సరిగ్గా ఆయన ఎదురుగా నిలబడింది. పలకరించలేదు. ఆయనే తలొంచుకుని ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటాడని చూసింది. ఆయన ఉలకలేదు, పలకలేదు. ఎవరో దారినపోయే మనిషి నిలబడ్డట్టు ఊరుకున్నాడు.

"ముఖం చాటేసే దాకా వచ్చారన్నమాట! ఊరందరి చేతా నాకే టోపీ పెట్టించారు కదండీ!"

ఆయన అదిరిపడ్డాడు. "నువ్వా? ఎప్పుడొచ్చావ్?"

"నాటకాలు ఆపండి. రేపట్నుంచి టోపీలు మిషను అల్లుతుందట. అంతా మీ చలవే!"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆవిడ వినిపించుకోలేదు. టోపీ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి, రెక్కలు రెండూ చెవుల మీదికి లాగి, తాళ్ళు బిగించి ముడేసింది.

"ఊఁ, ఇప్పుడు పదండి ఇంటికి."

ఆయన తడుముకుంటూ ఆ ముడి విప్పేసి, రెక్కలు పైకి తోసేశాడు.

ఆవిడకి ఏడుపొచ్చినంత పనయింది. "నలుగురిలో నా అల్లిక పెట్టుకోవడం మీకంత నామోషీగా ఉందా? సంగీతం, చెవులు అంటూ ఆ కబుర్లు నాకు చెప్పకండి."

"సంగీతం కాదే," అన్నాడాయన, గాల్లో వెతికి ఆవిడ చెయ్యి పట్టుకుని. "కళ్ళ మీద ఏం పడ్డా నాకిప్పుడు ఒకటే. చెవులు మూసేస్తేనే రోడ్డు దాటలేను."